ముందు ఇల్లు ఆరనివ్వండి, తరువాతే రంగులు

ప్రశ్న: నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మానాన్నలు బాపట్ల జిల్లాలో, నిజాంపట్నం వైపు మా ఊళ్లో ఉంటారు. మొన్నటి తుఫానుకు ఇంట్లోకి మోకాలి లోతు నీరు వచ్చి రెండు రోజులు నిలిచింది. అందులో సముద్రపు నీరు కూడా కలిసిందని నాన్న అంటున్నారు. ముందు రెండు గదులు శ్లాబు, వెనుక వంటగదికి సిమెంటు రేకులు. కొబ్బరిచెట్టు కూలి రేకులు పగిలాయి, చెట్టు ఇంకా అక్కడే ఉంది. వీధికి కరెంటు వచ్చేసింది, మెయిన్ వేద్దామని నాన్న తొందరపడుతున్నారు. మాఘమాసంలో తమ్ముడి పెళ్లి. పది రోజుల్లో ప్లాస్టరింగు, పుట్టీ, రంగులు అన్నీ పూర్తి చేసి ఇస్తానని మేస్త్రీ అంటున్నాడు. తలుపులు ఉబ్బి పడటం లేదు. పొలం కాగితాలు, అమ్మ పెళ్లి ఆల్బం నానిపోయాయి. శని, ఆదివారాలు వెళుతున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?
– పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం:

అమ్మా, మీరు అడిగినవాటిలో ఒక్కదానికి శనివారం దాకా ఆగే వీలు లేదు. ఈ జవాబు పూర్తిగా చదవకముందే నాన్నగారికి ఫోను చేసి, మెయిన్ వేయవద్దని చెప్పండి. వీధికి కరెంటు వచ్చిందంటే విద్యుత్ సిబ్బంది స్తంభాల వైపు పని ముగించారని మాత్రమే అర్థం. మీ ఇంటి గోడల్లో ఏముందో వాళ్లు చూడలేదు.

మోకాలి లోతు నీరంటే కింద ఉండే ప్లగ్గు బోర్డులన్నీ మునిగి ఉంటాయి. ఆ బోర్డుల వెనుక పెట్టెల్లో బురద పేరుకుని ఉంటుంది. వైర్లు నడిచే ప్లాస్టిక్ గొట్టాల్లో నీరు దిగి, పోయే దారి లేక అక్కడే నిలుస్తుంది. గోడ పైకి ఆరినట్టు కనిపించినా లోపల ఆ నీరు వారాల తరబడి ఉంటుంది. పైగా ఉప్పు కలిసిన నీరు మామూలు నీటికంటే కరెంటును బాగా మోస్తుంది. ఆ స్థితిలో మెయిన్ వేస్తే ఫ్యూజు పోవడం అదృష్టమనుకోవాలి. ఫ్యూజు పోకుండా గోడకు కరెంటు దిగితే, దాన్ని తడి చేత్తో ముందుగా ముట్టుకునేది మీ అమ్మగారో నాన్నగారో అవుతారు.

మీ ఉత్తరంలో ఇన్వర్టరు మాట లేదు. ఉంటే మాత్రం మెయిన్ కంటే అదే ప్రమాదం. మెయిన్ కట్టేశాం కదా అన్న ధీమాతో బోర్డులు విప్పుతారు, కానీ బ్యాటరీ నుంచి ఇంటి వైర్లలోకి కరెంటు వస్తూనే ఉంటుంది. ఇన్వర్టరు నీటిలో మునిగి ఉంటే దాని జోలికి మీరు పోకండి, ఎలక్ట్రీషియన్‌నే రమ్మనండి. ఇంటి మీద సోలార్ పలకలున్నా ఇదే మాట, ఎండ పడినంతసేపూ అవి కరెంటు తయారు చేస్తూనే ఉంటాయి.

లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ వచ్చాక మునిగిన స్విచ్చులు, సాకెట్లు, ఎంసీబీలు (ఫ్యూజుల బదులు పెట్టే స్విచ్చులు) కడిగి వాడదామని అంటే ఒప్పుకోకండి. వాటిని మార్చాల్సిందే. లోపలి రాగి, ఇత్తడి ముక్కలను ఉప్పు తింటూనే ఉంటుంది. ఇవాళ పనిచేసినా నాలుగు నెలల తరువాత వేడెక్కి కాలుతుంది. గొట్టాల్లోని వైర్లను మెగ్గర్ అనే మీటరుతో పరీక్షించమనండి. తీగ తొడుగు ఇంకా కాపాడుతోందో లేదో అది చెబుతుంది. అన్నీ ఒకేసారి కాకుండా ఒక్కో గది లైను విడిగా వేసి చూడాలి. ఇంట్లో ఆర్‌సీసీబీ లేకపోతే 30 మిల్లీఆంపియర్లది ఈసారి తప్పక పెట్టించండి. కరెంటు మనిషి ఒంట్లోంచి నేలకు జారుతోందని పసిగట్టి, రెప్పపాటులో సరఫరా తెంచే పరికరం అది. నాలుగు చోట్ల పొదుపు చేసినా ఇక్కడ చేయకండి. పరిసరాల్లో తెగిన తీగ కనిపిస్తే దగ్గరికి వెళ్లకుండా 1912కు ఫోను చేయండి.

ఫ్రిజ్జు, మిక్సీ, మోటారు ఏవీ ఆన్ చేసి చూడవద్దు. మోటారు చుట్టలు ఆరబెట్టి, పరీక్షించి, అవసరమైతే మళ్లీ చుట్టించి వాడుకోవచ్చు. తడిగా ఉండగా ఒక్కసారి స్విచ్చు వేస్తే అవి కాలిపోతాయి. స్కూటరు మునిగి ఉంటే దానికీ అంతే, కిక్కు కొట్టకుండా మెకానిక్కు దగ్గరికి నడిపించుకు వెళ్లాలి. గ్యాసు బండ నీటిలో తేలి ఉంటే రెగ్యులేటరూ గొట్టమూ మార్చండి, వాసన వస్తే 1906కు చెప్పండి.

ఇక శనివారం ఊరికి వెళ్లగానే చీపురు పట్టకండి. ముందు ఫోను తీసి ఫొటోలు తీయండి. ఇల్లు బయట నాలుగు వైపులా, లోపల ప్రతి గది, గోడ మీద నీటి గీత, పగిలిన రేకులు, పాడైన వస్తువులు. గీత ఎత్తు తెలిసేలా టేపు ఆనించి ఒక ఫొటో తీయండి. ఇంటికి బీమా ఉంటే ఆ కంపెనీకి వెంటనే కబురు చేయండి. 2021 నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీ తుఫాను, వరద నష్టాలకు వర్తిస్తుంది. బ్యాంకు అప్పుతో కట్టిన ఇల్లయితే పాలసీ మీకు తెలియకుండానే ఉండి ఉండవచ్చు, బ్యాంకులో అడగండి. బీమా లేకపోయినా గ్రామ సచివాలయంలో నష్టం నమోదు చేయించండి. 2022లో కేంద్రం ప్రకటించిన విపత్తు సహాయ నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000 రూపాయలు, కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500 రూపాయలు. మీ ఖర్చు ముందు ఆ రెండోది చాలా చిన్నదే. కానీ జాబితాలో పేరు ఉంటేనే తరువాత రాష్ట్రం ఏదైనా అదనంగా ఇచ్చినప్పుడు మీ దాకా వస్తుంది.

ఫొటోలయ్యాక బురద. అది తడిగా ఉండగానే పోవాలి. ఎండిందంటే సిమెంటులా పట్టేసి, పారతో గీకితే తప్ప రాదు. బుడమేరు వరద తీశాక 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో ఇళ్లలోని బురద కడగడానికి ఫైరింజన్లనే తేవలసి వచ్చింది. బకెట్లతో కడిగి అలసిపోయిన ఇల్లాళ్లు అప్పుడు ఎందరో. మీ ఇంట్లో ఇప్పటికే ఎండి ఉంటే ముందు నీళ్లు చల్లి నానబెట్టి తీయించండి. పొడిగా ఊడిస్తే లేచే దుమ్ము మంచిది కాదు. కాళ్లకు రబ్బరు బూట్లు, చేతులకు గ్లవుజులు లేనిదే ఎవరినీ బురదలో దిగనివ్వవద్దు. ఎలుకల మూత్రం కలిసిన నీరు చిన్న గీరుడు గుండా ఒంట్లోకి చేరినా లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావచ్చు. శుభ్రం చేసిన పది, పదిహేను రోజుల్లో జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లెర్రబారడం కనిపిస్తే మామూలు జ్వరమని మాత్ర వేసుకుని ఊరుకోకుండా, వరద బురదలో పనిచేశామని డాక్టరుకు చెప్పాలి. మేకు గుచ్చుకుంటే టెటనస్ సూది వేయించాలి.

పాముల సంగతి మీ ప్రాంతం వాళ్లకు నేను చెప్పనవసరం లేదు, అయినా చెబుతాను. నీరు పుట్టల్లోకి వెళితే అవి పొడి చోటు వెతుక్కుంటాయి. మీ ఇంట్లో పొడి చోట్లంటే అటక, కట్టెల మోపు, చుట్టి పెట్టిన చాప, బోర్లించిన గంగాళం. ఏది ఎత్తినా ముందు కర్రతో తట్టి, పొడవాటి కర్రతోనే తిప్పాలి. కాటు పడితే కట్లు బిగించడం, కోయడం, మంత్రం వద్దు. కదలకుండా పడుకోబెట్టి 108ని పిలవండి.

కడగడానికి క్రమం ఉంది. శ్లాబు మీద ఆకులూ చెత్తా తీసి నీటి గొట్టాల నోళ్లు ముందు తెరవండి, లేకపోతే పైన నిలిచిన నీరు కిందికి ఊరుతూ మీరు చేసిన పనంతా పాడు చేస్తుంది. తరువాత గోడలు పైనుంచి కిందికి, చివరగా నేల. ఉప్పు కలిసిన నీరు వచ్చిన ఇల్లు కనుక మంచినీటితో రెండు మూడుసార్లు గోడలు కడగాలి. ఇప్పటికే తడిగా ఉన్న గోడ మీద మళ్లీ నీళ్లా అని నాన్నగారు అడుగుతారు. అడగడం సబబే. కానీ నీరు ఎలాగైనా ఆరిపోతుంది, ఉప్పు మాత్రం గోడలోనే ఉండి ప్రతి వానాకాలం గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. పైపైన ఉన్న ఉప్పును ఇప్పుడు కడిగేయడమే మేలు.

కడిగాక బ్లీచింగు. పది లీటర్ల బకెట్టు నీటికి 50 గ్రాముల బ్లీచింగు పౌడరు కలిపి, సున్నపు మడ్డి అడుక్కి దిగాక పైతేట తీసి వాడండి. నేల మీద, గోడల మీద నీటి గీత దాకా పోసి కాసేపు ఉంచి కడిగేయండి. కిటికీలన్నీ తెరిచి ఉండాలి. ఇక్కడ ఒక్క హెచ్చరిక, మీ అమ్మగారికి ప్రత్యేకంగా చెప్పండి. బాత్రూం కడిగే యాసిడ్‌ను బ్లీచింగుతో ఎన్నడూ కలపకూడదు. ఒకదాని తరువాత ఒకటి వెంటనే పోసినా క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన బాత్రూంలో అది ఊపిరి తీయనివ్వదు.

స్టీలు, గాజు సామాను కడిగి మరగబెట్టుకోవచ్చు. చెక్క గరిటెలు, ప్లాస్టిక్ డబ్బాలు, మునిగిన బియ్యం, పప్పులు, పచ్చళ్లు ఇక వద్దు. దూది పరుపులు, దిండ్లు ఎంత ఎండబెట్టినా లోపలి మురికి పోదు. అమ్మగారు ఒప్పుకోవడం కష్టమని తెలుసు, పెళ్లినాటి పరుపు అయి ఉంటుంది. అయినా పారేయాల్సిందే.

బావి గానీ బోరు గానీ మునిగి ఉంటే ఆ నీరు తాగవద్దు. బావి తోడించి, బ్లీచింగు వేయించి, ఆరోగ్య సిబ్బందితో పరీక్ష చేయించాలి. అప్పటిదాకా ట్యాంకరు నీళ్లనైనా తెర్లేదాకా కాచి తాగండి. సెప్టిక్ ట్యాంకును మాత్రం ఇప్పుడు ఖాళీ చేయించకండి. నేలంతా నీటితో నిండి ఉన్నప్పుడు ఖాళీ తొట్టిని చుట్టూ ఉన్న నీరు పైకి నెడుతుంది, గోడలు పగులుతాయి. ఊరి బావుల్లో నీటిమట్టం మామూలుకు దిగాక చేయించవచ్చు.

ఇప్పుడు మీ మేస్త్రీ మాటకు వస్తాను. పది రోజుల్లో ప్లాస్టరింగు, పుట్టీ, రంగు. అతను మోసగాడని నేననను. తుఫాను తరువాత ప్రతి ఇంటికీ పని ఉంటుంది, ఒక ఇల్లు ముగించి ఇంకో ఇంటికి పోవాలని ఎవరికైనా ఉంటుంది. కానీ ఆ పని చేయించకండి. ఎందుకో నా అనుభవమే చెబుతాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద తీరం దాటింది. మా ఇంట్లోకి వరద రాలేదు. కిటికీ అద్దాలు పగిలి, వాన అడ్డంగా గదుల్లోకి గంటల తరబడి కొట్టింది. గోడలు నానిపోయాయి. ముప్పై ఏళ్లు ఇళ్లు కట్టించే పనిలో ఉన్నవాణ్ణి, నాకు తెలియాలి. కానీ దీపావళి అలాగే గడిచిపోయింది, ఇల్లంతా మరకలు, చూస్తే దిగులు పుడుతోంది. గోడ మీద చెయ్యి పెడితే పొడిగానే తగిలింది. నవంబరు మొదటి వారంలో పుట్టీ పెట్టించి, మంచి రకం ఎమల్షన్ (ప్లాస్టిక్ రంగు) వేయించాను. పది రోజులు ఇల్లు కొత్త పెళ్లికూతురిలా ఉంది. సంక్రాంతికి వాకిట్లో ముగ్గులు పడేసరికి హాలు గోడ బొబ్బలెక్కింది. ఒక బొబ్బను బొటనవేలితో నొక్కితే నీళ్లు కారాయి. నెల తరువాత అదే చోట రంగు పొర చిప్పలా లేచింది, దాని వెనుక దూదిలాంటి తెల్లటి ఉప్పు. గోకి గోకి మొత్తం తీయించి, ఆ వేసవి అంతా గోడలు అలాగే వదిలేసి, మళ్లీ వేయించవలసి వచ్చింది. రెండింతల ఖర్చు. అంతకంటే మా ఇంట్లో పెద్దావిడ ఆ చెమ్మలో పడుకుని రెండు నెలలు దగ్గారు. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది అదే.

గోడ ఆరడం బట్ట ఆరడం లాంటిది కాదు. బట్టకు రెండు వైపులా గాలి తగులుతుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ నడిమధ్య ఉన్న నీరు ఇటుక సందుల గుండా మెల్లగా పైకి వచ్చి, అక్కడ ఆవిరి కావాలి. అంగుళం మందానికి నెల పడుతుందని ఇళ్లు కట్టేవాళ్లు ఒక లెక్క చెబుతారు. మన ఎండలకు, రెండు వైపులా గాలి తగిలితే అంతకంటే త్వరగానే కావచ్చు, కానీ పది రోజుల్లో మాత్రం కాదు. ఆ దారిని పుట్టీతో, ప్లాస్టిక్ రంగుతో మూసేస్తే లోపలి నీరు ఎక్కడికీ పోలేదు. రంగును తోసుకుని అయినా బయటికి వస్తుంది, లేకపోతే గది లోపలి వైపు బూజు పట్టిస్తుంది. తడి చోట ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది. బీరువాల వెనుక, మంచాల వెనుక చూడండి. సామాను గోడలకు జానెడు దూరం జరపండి. బూజు పట్టినచోట పొడి గుడ్డతో దులపకండి, ముక్కుకు మాస్కు కట్టుకుని, సబ్బునీళ్లతో తుడిచి, తరువాత బ్లీచింగు నీళ్లు పూయండి.

గోడ ఆరిందో లేదో చెయ్యి చెప్పదు. నాకు చెప్పలేదు. ఒక పాలిథిన్ కాగితాన్ని మూరెడు చదరం కత్తిరించి, నేలకు అడుగు ఎత్తున గోడకు ఆనించి, నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపుతో అంటించండి. మర్నాడు అదే వేళకు చూడండి. కాగితం లోపలి వైపు చెమట పట్టినట్టు నీటి చుక్కలుంటే గోడ ఇంకా తడే. దాని వెనుక గోడ రంగు ముదిరి ఉన్నా తడే. ప్రతి గదిలో ఒకచోట, పదిహేను రోజులకొకసారి ఇది చేయమని నాన్నగారికి అప్పగించండి. మెయిన్ వేయవద్దన్నందుకు చిన్నబుచ్చుకున్న మనిషికి ఇది మంచి పని. గోడ మీదే పెన్సిలుతో తేదీ రాయమనండి.

ఆరడానికి మేస్త్రీ చేత ఒక పని చేయించవచ్చు. నీటి గీత దాకా ప్లాస్టరింగును రూపాయి బిళ్లతో తట్టుకుంటూ పొండి. డొల్ల శబ్దం వచ్చినచోట అది ఇటుకను వదిలేసింది, కొట్టేయాలి. లోపలి గోడలకు ఆయిల్ పెయింటు ఉంటే నీటి గీతకు అడుగు పైదాకా గీకించేయండి, గోడకు ఊపిరి ఆడుతుంది. తలుపులు, కిటికీలు పగలంతా తెరిచి, మంచు పడే వేళకు మూయాలి. కరెంటు సురక్షితమయ్యాక ఫ్యాన్లు వేసి ఉంచండి. నిప్పులు, హీటర్లు పెట్టి గోడను వేడిచేయడం వద్దు, పైపొర ఒక్కటే ఎండి పగుళ్లు తీస్తుంది.

మరి పెళ్లి? పెళ్లికి సున్నం వేయించండి. మంచి రాతి సున్నం నానబెట్టి, వడకట్టి, కొద్దిగా జిగురు కలిపి రెండు పూతలు. సున్నం గోడను మూసేయదు, తడి దాని గుండా బయటికి పోతుంది. మన తాతల ఇళ్లు ఏటా సున్నం పూతతోనే తీరంలో వందేళ్లు నిలిచాయి. తెల్లని గోడ, ఎర్రమన్ను గీత, గుమ్మానికి మామిడి తోరణం కంటే పెళ్లివారింటికి ఇంకేం కావాలి? ఎమల్షన్ వచ్చే ఏడాది ఎండాకాలం చివర, పాలిథిన్ కాగితం రెండుసార్లు వరసగా పొడిగా వచ్చాక చూద్దాం.

ఉబ్బిన తలుపులకు చిత్రిక పట్టించకండి. ఇదీ తొందరలో చేసే పొరపాటే. కర్ర నీరు పీల్చి ఉబ్బింది, ఆరితే మళ్లీ తన కొలతకు వస్తుంది. ఇప్పుడు చెక్కేస్తే వేసవిలో తలుపుకూ ద్వారబంధానికీ మధ్య వేలు దూరే సందు ఏర్పడుతుంది. తలుపు ఊడదీసి, నీడలో, కింద సమంగా మూడు కర్రలు పెట్టి పడుకోబెట్టండి. ఎండలో నిలబెడితే వంకర పోతుంది. ప్లైవుడ్ తలుపు పొరలు విడిపోయి ఉంటే అది ఇక పనికిరాదు.

గోడల్లో పగుళ్లు ఉన్నాయేమో మీరే చూడండి. సన్నటి వెంట్రుక గీతలు భయపెట్టేవి కావు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోతూ, రూపాయి బిళ్ల అంచు దూరేంత వెడల్పు ఉంటే, ఇంటి మూల కింద మట్టి కోసుకుపోయి ఉంటే ఇంజనీరును పిలవాలి. పగులు రెండు చివరలా పెన్సిలు గీత గీసి తేదీ వేయండి. నెల తరువాత గీత దాటి పోతే పునాది ఇంకా కదులుతోందని అర్థం, ఎంత పూడ్చినా మళ్లీ వస్తుంది. శ్లాబు అడుగున తుప్పు మరకలు, పెచ్చులు ఊడటం కనిపించినా అలాగే చూపించండి. ఉప్పుకు ఇనుప చువ్వలే మొదటి మేత.

ఇక వంటగది కప్పు. చెట్టు ఇంకా దాని మీదే ఉందన్నారు. దాన్ని మీ వాళ్లు గానీ ఇరుగుపొరుగు గానీ తీయకూడదు. గోడ మీద ఆనుకుని ఉన్న మాను విల్లులా బిగిసి ఉంటుంది. ఒకచోట కోయగానే రెండో కొన ఎటు ఎగురుతుందో చెప్పలేం. రంపపు మిషను ఉండి, ఈ పని చేసి ఉన్నవాళ్లే తాళ్లతో కట్టి, మొవ్వ వైపు నుంచి ముక్కలుగా దించాలి. తీగలు చిక్కుకుని ఉంటే ముందు విద్యుత్ సిబ్బంది రావాలి.

పగిలిన రేకుల సంగతి. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. దాని ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తరువాత జబ్బుగా బయటపడుతుంది. కనుక ముక్కలను సుత్తితో బద్దలు చేయడం, రంపంతో కోయడం, పొడిగా ఊడవడం వద్దు. నీళ్లు చల్లి తడిపి, ముక్కలను ముక్కలుగానే ఎత్తి, గోతాంలో కట్టించండి. మాస్కు తప్పనిసరి. కొత్త కప్పు వేసేటప్పుడు కూలీలను రేకు మీద నేరుగా అడుగు వేయనివ్వకండి. సిమెంటు రేకు చెప్పాపెట్టకుండా విరుగుతుంది. తుఫాను గాలికి బతికి, ఆ తరువాత కప్పు సరిచేస్తూ పడిపోయినవాళ్ల గురించి నేను విన్నాను. దూలాలకు అడ్డంగా పలక వేసుకుని, దాని మీదే నడవాలి.

రేకులు ఎగరకుండా చాలామంది మీద రాళ్లు, ఇసుక మూటలు పెడతారు. గాలి కప్పును పైనుంచి నొక్కదు, పైకి పీలుస్తుంది. చూరు అంచుల్లో, మూలల్లో ఆ లాగుడు మరీ ఎక్కువ. పెద్ద గాలిలో ఆ రాళ్లే ఎగిరి మనుషులకు తగులుతాయి. కొత్త కప్పుకు మధ్యలో మామూలుగానే ఉన్నా అంచు వరసల్లో, మూలల్లో కొక్కేల బోల్టులు రెట్టింపు వేయించండి. బోల్టు రేకు గుబ్బ మీద ఉండాలి, గుంటలో వేస్తే అక్కడే నీరు కారుతుంది. కింద తారు వాషరు మరిచిపోకూడదు. ఇంతకంటే ముఖ్యం, దూలాలు గోడకు దేనితో కట్టి ఉన్నాయో చూడండి. ఎన్నో ఇళ్లలో దూలం గోడ మీద ఊరికే కూర్చుని ఉంటుంది. గోడలోకి దిగిన ఇనుప పట్టీతో దాన్ని బిగించకపోతే, రేకులు దూలాన్ని వదలకపోయినా అన్నీ కలిసి లేచిపోతాయి. ఈ ఒక్క పనికి మాత్రం మీరు దగ్గర నిలబడి చూడండి.

సామగ్రి విషయంలో రెండు మాటలు. తుఫానులో తడిసి గడ్డలు కట్టిన సిమెంటు బస్తాలు తక్కువ ధరకు వస్తాయి, కొనకండి. ఇసుక దొరక్క సముద్రపు ఇసుక తెస్తామంటారు, వద్దు. సిమెంటు, ఇసుక మాలు కలపడానికి నీరు కూడా ఉప్పు లేనిదే కావాలి. మేస్త్రీకి డబ్బు పని ముగిసినంత మేరకే విడతలుగా ఇవ్వండి. అతన్ని వదులుకోకండి, ముందు కప్పు, కొట్టేసే పని ఇచ్చి, ప్లాస్టరింగు వేసవికి మాట్లాడుకోండి. తుఫాను తరువాత మంచి పనివాడు దొరకడమే కష్టం.

చివరగా కాగితాలు, ఆల్బం. పొలం కాగితాలు పోయినా హక్కు పోదు. రిజిస్టరైన దస్తావేజుల నకళ్లు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దొరుకుతాయి. పట్టాదారు పాసుపుస్తకానికి సచివాలయంలో దరఖాస్తు చేసుకోవచ్చు. ఆధార్ మళ్లీ తీసుకోవచ్చు. అమ్మగారి పెళ్లి ఫొటోలకు మాత్రం నకలు ఎక్కడా ఉండదు, కనుక మీ రెండు రోజుల్లో చేతులు ఖాళీ అయినప్పుడు కాదు, ముందే వాటి దగ్గర కూర్చోండి. అంటుకున్న ఫొటోలను లాగి విడదీయకండి, బొమ్మ ఊడి పక్కదానికి అంటుకుంటుంది. వెడల్పాటి పళ్లెంలో చల్లని మంచినీళ్లు పోసి, ఆల్బం పేజీని అందులో ఉంచండి. కొంతసేపటికి ఫొటో దానంతట అదే వదులవుతుంది. బొమ్మ వైపు వేలు తగలకుండా అంచులు పట్టి ఎత్తి, ఇంకో పళ్లెంలో ఒకసారి ముంచి, బొమ్మ పైకి ఉండేలా తెల్లటి నూలుబట్ట మీద నీడలో పరవండి. ఎండలో పెడితే చుట్టుకుపోతాయి. ఒక్క రోజులో అన్నీ కావు. మిగిలినవాటిని తడిగానే ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, కరెంటు ఉన్న ఇంట్లో, ఎవరి ఫ్రీజరులోనైనా ఉంచండి. గడ్డకట్టి ఉన్నంతకాలం బూజు పట్టదు. వచ్చే శనివారం మళ్లీ నాలుగు తీసి చేసుకోవచ్చు. ముందుగా మంగళసూత్రధారణ ఉన్న పేజీ ఏదో అమ్మగారిని అడిగి, దానితో మొదలుపెట్టండి.